స్లో నిలబడట్లేదా? ముందు ఆ స్క్రూ వదిలేయండి

ప్రశ్న: సార్, నా దగ్గర 1980ల నాటి 1200 సీసీ టూరింగ్ బండి ఉంది, నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు. మూడేళ్ళు కవర్ కప్పి షెడ్డులో పెట్టేశా, ఈమధ్యే బయటికి తీశా. చోక్ లాగి సెల్ఫ్ నొక్కితే వెంటనే అందుకుంటుంది, చోక్ మూస్తే ఆగిపోతుంది. స్లో (ఎక్సలేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) స్క్రూ తిప్పి పెంచితే నిలబడింది గానీ కాస్త దూరం వెళ్ళాక సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టుకుంటే 2500 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే అరుస్తూ ఉంటుంది, తగ్గిద్దామని స్క్రూ వెనక్కి తిప్పితే ఠక్కున ఆగిపోతుంది. 1000 దగ్గర నిలబెట్టడం నా వల్ల కావట్లేదు. ప్లగ్గులు కొత్తవి వేశా. మెకానిక్ ఏమో కార్బురేటర్ల సెట్ మొత్తం మార్చేయమంటున్నాడు. మార్చాలా?

జవాబు: అక్కర్లేదు, ఇప్పుడే అయితే అస్సలు అక్కర్లేదు. ముందు చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టండి. మీ ఉత్తరంలో అసలు విషయం అంతా "చోక్ మూస్తే ఆగిపోతుంది" అన్న ముక్కలోనే ఉంది. చోక్ అంటే ఎక్కువ పెట్రోల్ ఇవ్వడమే కదా, అలా ఎక్కువ ఇస్తేనే నడుస్తోందంటే స్లోకి రావాల్సిన పెట్రోల్ సరిగ్గా రావట్లేదు, లేదంటే ఎక్కడో దొంగగాలి లోపలికి దూరుతోంది. ఈ రెండిట్లో ఒకటి, లేదా రెండూ.

మరి స్క్రూ తిప్పితే ఎందుకు నిలబడింది అంటారా? స్లో మీద ఉన్నప్పుడు థ్రాటిల్ రేకు, అంటే ఎక్సలేటర్ తిప్పితే తెరుచుకుని గాలి వదిలేది, దాదాపు మూసుకునే ఉంటుంది, పెట్రోల్ అంతా స్లో జెట్ అనే సన్న బెజ్జం ఇత్తడి ముక్క గుండా వచ్చి రేకు దాటాక ఉన్న చిన్న బెజ్జంలోంచి పడుతుంది. రేకు అంచు దగ్గర ఇంకో రెండు మూడు సన్న బెజ్జాలు కూడా ఉంటాయి, అవి మనం ఎక్సలేటర్ అప్పుడప్పుడే తిప్పుతున్నప్పుడు పనికొచ్చేవి. మీరు స్క్రూ బిగించేసరికి రేకు ఎత్తుకుని ఆ బెజ్జాలు బయటపడ్డాయి, పెట్రోల్ దొరికింది, ఇంజిన్ ఊపందుకుంది, రేస్ పెరిగే కొద్దీ స్పార్క్ టైమింగ్ కూడా ముందుకి జరుగుతుంది కాబట్టి అది ఇంకాస్త పైకి తీసుకెళ్ళింది, అక్కడే కూర్చుంది. వెనక్కి తిప్పగానే బెజ్జాలు మూసుకున్నాయి, టైమింగ్ వెనక్కి వచ్చేసింది, బండి ఆగింది. అందుకే మీకు 1000 దొరకట్లేదు, ఆ చోటు ఇప్పుడు మీ బండిలో లేదు, మనమే మళ్ళీ తయారు చేసుకోవాలి.

మొదట ఏ సిలిండర్ పని చేయట్లేదో చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, చోక్ ఎంత తక్కువతో నడిస్తే అంత తక్కువలో ఒక్క నిమిషం నడపండి. తర్వాత నాలుగు సైలెన్సర్ పైపుల మీద, ఇంజిన్ నుంచి బయటికొచ్చే చోట, చెంచాతో ఒక్కో చుక్క నీళ్ళు వేయండి. పని చేస్తున్న పైపు మీద చుక్క సుయ్యిమని ఆవిరైపోతుంది, చేయని దాని మీద తాపీగా జారి కింద పడుతుంది. వేలితో మాత్రం చూడొద్దు, నేను తొందరపడి చూశాను ఒకసారి, వారం రోజులు బోల్టు బిగించలేకపోయా.

ఒక పైపు చల్లగా ఉందనుకోండి, ఆ ప్లగ్గు విప్పండి. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ లేదు. ప్లగ్గులు కొత్తవే అన్నారు సరే, వాటి క్యాపులు? చాలా బండ్లలో అవి వైరు మీద స్క్రూలాగా తిరిగి ఊడొస్తాయి, విప్పితే వైరు చివర ఆకుపచ్చగా కిలుం పట్టి ఉంటుంది, ఓ అర సెంటీమీటర్ కోసేసి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. ప్లగ్గు పొడిగా ఉంటే మాత్రం పెట్రోల్ రావట్లేదు, కార్బురేటర్ విప్పాల్సిందే.

కానీ విప్పే ముందు దొంగగాలి సంగతి తేల్చేయండి. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బర్లు ఇన్నేళ్ళకి ప్లాస్టిక్‌లాగా గట్టిపడిపోతాయి, క్లిప్పు ఎంత బిగించినా పట్టవు. బండి నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో ఒక్కో జాయింట్ దగ్గరా నీళ్ళు కొట్టండి, ఎక్కడ కొట్టినప్పుడు ఇంజిన్ శబ్దం మారిందో అదే లీకు. కొందరు కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు, దాంతో తేడా బాగా తెలుస్తుంది నిజమే గానీ అది అంటుకునే సరుకు, పక్కనే కాలుతున్న సైలెన్సర్, నేనైతే నీళ్ళతోనే సరిపెట్టుకుంటా. వ్యాక్యూమ్ గేజి పెట్టే చిన్న పైపులకి నల్ల రబ్బరు టోపీలు ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఓ బండి మీద నేను రెండు రోజులు కొట్టుకున్నాక తెలిసింది, ఆ టోపీల్లో ఒకదాని అడుగున వెంట్రుక మందం చీలిక, పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, వేళ్ళ మధ్య నొక్కితే నోరు తెరిచింది.

ఇక క్లీనింగ్. మూడేళ్ళు నిలబడ్డ పెట్రోల్ ఎండిపోయి బంకలాగా మిగులుతుంది, స్లో జెట్ బెజ్జం అర మిల్లీమీటర్ కూడా ఉండదు కాబట్టి ముందు పూడేది అదే. జెట్ విప్పి లైటుకి ఎదురుగా పట్టుకుంటే గుండ్రంగా, శుభ్రంగా చుక్కంత వెలుగు కనపడాలి, నెలవంకలా కనపడితే ఇంకా సగం పూడే ఉందని. స్టీలు తీగ దూర్చారంటే ఇత్తడి అరిగి బెజ్జం పెద్దదవుతుంది, నైలాన్ దారం వాడండి, తర్వాత కార్బురేటర్ క్లీనర్ స్ప్రే. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఒక బెజ్జంలో కొడితే ఇంకో బెజ్జంలోంచి తిన్నగా కంట్లోకే వస్తుంది. మిక్స్చర్ స్క్రూ (స్లో మీద పెట్రోల్, గాలి పాళ్ళు సరిచేసేది) తీసే ముందు నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తగలగానే ఆపేయాలి, బిగిస్తే సూది మొన విరిగి లోపలే ఉండిపోతుంది, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజమైపోతుంది. స్క్రూతో పాటు స్ప్రింగు, వాషరు, బుల్లి ఓరింగు (రబ్బరు రింగు) రావాలి, ఓరింగు తరచూ లోపలే అతుక్కుని ఉండిపోతుంది, వంచిన గుండుసూదితో లాగండి. అది లేకుండా బిగిస్తే అదీ దొంగగాలే.

ఇదంతా అయ్యాక, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు) చూడాల్సిన ఇంజిన్ అయితే అదీ చూసుకున్నాక, అప్పుడు సింక్, అంటే నాలుగు కార్బురేటర్లూ సమానంగా పని చేసేలా చూడటం. ఇంజిన్ వేడెక్కాక నాలుగు వ్యాక్యూమ్ గేజులు పెట్టి నాలుగూ ఒకే రీడింగ్ చూపించేలా సరిచేయాలి. ఆరు సిలిండర్ల హోండా టూరింగ్ బండి గోల్డ్‌వింగ్ 1500కి రెండే కార్బురేటర్లు, వాళ్ళకి ఈ పని సులువు, మీకు కాస్త ఓపిక కావాలి. ఆ తర్వాతే స్లో స్క్రూ ముట్టుకుని మీ మాన్యువల్లో ఎంతుంటే అంతకి పెట్టండి. చివరగా ఒకసారి ఎక్సలేటర్ ఇచ్చి వదలండి, రేస్ పైనే ఆగి మెల్లగా దిగితే ఇంకా పెట్రోల్ తక్కువైనట్టు, 1000 కంటే కిందికి పడి మళ్ళీ పైకొస్తే ఎక్కువైనట్టు. కేబుల్ ఎక్కడా పట్టేయట్లేదని మాత్రం ముందే చూసుకోండి, అది పట్టేసినా రేస్ పైనే ఆగుతుంది.

ప్రశ్న: పొద్దున స్లో చక్కగా ఉంటుంది, ఓ నలభై నిమిషాలు నడిపాక తడబడి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఇది కూడా కార్బురేటరేనా?

జవాబు: నాకైతే ముందు ట్యాంకు మూత మీద అనుమానం. మూతలో గాలి పోయే దారి పూడిపోతే పెట్రోల్ దిగే కొద్దీ ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి ఇక పెట్రోల్ కిందికి రాదు. ఈసారి ఆగినప్పుడు మూత తీయండి, బుస్సుమని గాలి లోపలికి పోయి బండి వెంటనే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. శబ్దం లేకపోతే అక్కడికక్కడే ఒక ప్లగ్గు విప్పి ఇంజిన్‌కి ఆనించి స్పార్క్ చూడండి, ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా, దాంట్లోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. స్పార్క్ లేకపోతే వేడెక్కి చేతులెత్తేస్తున్నది స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిలో, స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే పికప్పో. చల్లారాక చూస్తే రెండూ బుద్ధిమంతుల్లా పని చేస్తాయి, కాబట్టి ఆగిన చోటే చూడాలి.

ప్రశ్న: రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టగానే స్లో పడిపోతుంది, హెడ్‌లైట్ కూడా డిమ్ అవుతుంది.

జవాబు: కార్బురేటర్ జోలికి పోకండి, ఇది కరెంటు గొడవ. బండి ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దాకా ఉండాలి, 3000 ఆర్పీఎం దగ్గర 14 అటూఇటూ రావాలి. 13 కూడా దాటకపోతే స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించేది) నుంచి రెగ్యులేటర్‌కి (ఆ కరెంటుని బ్యాటరీకి సరిపడేలా చేసేది) పోయే కనెక్టర్ విప్పి చూడండి, చాలా జపాన్ బండ్లలో మూడు పసుపు వైర్లు ఉంటాయి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, కరిగినట్టు ఉంటే ఆ కనెక్టర్ తీసేసి మూడు వైర్లనీ టంకం పెట్టి కలిపేయండి, ఒక్కోదానికీ విడిగా స్లీవ్ వేసి.