నీకెట్ల తెల్సు బిడ్డా?

అమ్మా,

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి జనం కోసం నువ్వు రాసిన వ్యాసం అందింది. సగం దాకా ఓపిగ్గానే చదివాను. ఆ తర్వాత కోపం వచ్చింది. అందుకే ఇంత త్వరగా జవాబు రాస్తున్నాను, లేకపోతే ఇంకో నెల పట్టేది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో బోరు నీళ్ల శాంపిళ్లు పట్టుకొస్తుంటే ఒక ముసలావిడ నిన్ను ఆపి అడిగిందని రాశావు. "రెండు బోర్ల నీళ్లు ఒక్క తీర్గనే ఉంటయి. ఇది తాగొచ్చు, అది తాగొద్దని నీకెట్ల తెల్సు బిడ్డా?" దాని కిందే నీ వాక్యం: 'గ్రామీణ ప్రజలలో శాస్త్రీయ అవగాహన కొరవడటం శోచనీయం.' ఆ వెంటనే ఓ పట్టిక పెట్టి ముందుకు వెళ్లిపోయావు.

ఇందులో శోచనీయం ఏముందమ్మా? వ్యాసం మొత్తంలో సైన్సు ప్రశ్న అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. రంగులో, వాసనలో, రుచిలో తేడా లేని రెండు గ్లాసుల్లో ఒకటి మంచిది కాదంటే, ఎలా తెలిసిందని అడగదా? రేపు నీ వైవాలో ఎగ్జామినర్ అడగబోయేదీ ఇదే. ఆయనకైతే గడగడా చెబుతావు. ఆవిడ బోరు నీళ్లతోనే పీహెచ్‌డీ చేస్తూ, ఆవిడకు మాత్రం చెప్పవు.

జనం కోసం రాసే పరిశోధకుల్లో చాలామంది చేసేది ఇదే. ఏం తేలిందో రాస్తారు. ఎలా తేలిందో చెప్పే భాగాన్ని 'ఇది వాళ్లకు అర్థం కాదులే' అని వాళ్లే తీసేస్తారు. అప్పుడు చదివేవాడికి నమ్మడమో మానడమో తప్ప ఇంకేం మిగులుతుంది? రాగి చెంబులో పోస్తే ఫ్లోరైడ్ పోతుందని వాట్సాప్‌లో వచ్చే మెసేజీ కూడా అంతే ధీమాగా చెబుతుంది. ఆ మెసేజీకీ నీ వ్యాసానికీ తేడా నువ్వు కొలిచావన్న ఒక్క సంగతిలోనే ఉంది. నువ్వు దాచిందీ ఆ సంగతినే.

చెప్పడం అంత కష్టమా? శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పట్టావో చెప్పు, ఫ్లోరైడ్‌కు గాజుతో పడదు. ఫ్లోరైడ్‌ను కొలిచే నీ ఎలక్ట్రోడ్ కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంది. ఫ్లోరైడ్ తప్ప మిగతా అయాన్లు దాదాపు ఏవీ అందులోంచి కదలలేవు. నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో దాన్నిబట్టి మీటర్ మీద వోల్టేజి మారుతుంది. అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటే లెక్క తగ్గి కనబడుతుంది కనుక ముందు బఫర్ ద్రావణం కలిపి దాన్ని విడిపిస్తావు. ఇంతే కదా. మా రోజుల్లో ఎలక్ట్రోడ్ కూడా చేతికి రాలేదు. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణంలో నీళ్లు పోసేవాళ్లం. ఫ్లోరైడ్ ఎక్కువైనకొద్దీ ఎరుపు తగ్గి పసుపు తేలేది. రెండు బోర్ల నీళ్లతో అది ఆవిడ ముందే చేసి చూపిస్తే పట్టికతో పని లేదు.

పక్కపక్క బోర్లకు అంత తేడా ఎందుకన్నది కూడా వదిలేశావు. నీ సొంత పరిశోధనే అది! అక్కడ కింద ఉన్నది గ్రానైటు, నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి. ఏ పగులులో నీరు రాయిని అంటుకుని ఎక్కువకాలం ఉందో అందులో ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ దానితో కలిసి అడుక్కి పోతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన నీళ్లలో పైనే ఉండిపోతుంది. ఈ నాలుగు ముక్కలు ఊళ్లో ఎవరికి చెప్పినా అర్థమవుతాయి. బోర్లు వేయించి అప్పులపాలైన రైతుకు పగుళ్ల సంగతి నీకన్నా, నాకన్నా బాగా తెలుసు.

అవగాహన లేదన్నావు కాబట్టి ఇంకోటి చెబుతాను. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు గురించి, మొదట వైద్య పత్రికకు ఎక్కింది 1937లో, షార్ట్, ఆయన సహచరులు రాసిన వ్యాసంతో. అది అప్పటి నెల్లూరు జిల్లా సంగతి. అంతకు కొన్నేళ్ల ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. డాక్టర్ల కన్నా ముందు చూసింది వాళ్లు. నీ 'చరిత్ర' భాగంలో 1937 ఉంది, ఎద్దులు లేవు.

ఈ పట్టుదల నాకు క్లాసులో పుట్టింది. తెలుగు మీడియం డిగ్రీ పిల్లలకు జియాలజీ చెబుతూ, మన తెలంగాణ గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒకడు, "ఎవరు లెక్కపెట్టారు సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. ఆ రాత్రి కూర్చుని, గ్రానైటులో ఉండే జిర్కాన్ అనే ఖనిజపు రవ్వ గురించి రాశాను. అది ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసం అనే లోహాన్ని దాదాపు రానివ్వదు. లోపలి యురేనియం 447 కోట్ల ఏళ్లకు సగం చొప్పున సీసంగా మారుతుంది. ఇప్పుడు ఎంత సీసం ఉందో చూస్తే వయసు తేలుతుంది. స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీయించి మర్నాడు పంచాను. పక్క కాలేజీల వాళ్లు కూడా అడిగి తీసుకెళ్లారు. నేను రచయితనైంది అలాగే, కథల పోటీల్లో కాదు. అప్పటి మా పెద్దాయన ఒకరు ఆ కాగితం చూసి, "ఇవి ప్రమోషన్‌కి పనికిరావు, పేపర్లు వేసుకో" అన్నారు. ఆయనన్నది నిజమే, పనికిరాలేదు. 2010లో యూజీసీ ప్రమోషన్లకు పాయింట్ల లెక్క తెచ్చాక నా తోటివాళ్లు డబ్బు కట్టి ఎక్కడెక్కడి పత్రికల్లోనో అచ్చేయించుకున్నారు. ఆ దొంగ పత్రికలను ఏరడానికి తర్వాత యూజీసీయే జాబితా పెట్టాల్సి వచ్చింది. నాకు ఈర్ష్య లేదని అబద్ధం చెప్పను.

నీ కాలం కాస్త నయం. కేంద్రం 2018లో అవ్‌సర్ అని పోటీ పెట్టి, పీహెచ్‌డీ పిల్లలు సొంత పరిశోధన గురించి జనానికి అర్థమయ్యేలా రాస్తే బహుమతులు ఇచ్చింది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నన్నడక్కు. ఫ్లోరైడ్ మీద నేను రాసిన వ్యాసంలో కొలిచే పద్ధతి ఉన్న పేరాను ఒక ఆదివారం సంచిక ఎడిటర్ కోసేసి, 'చావు నీళ్లు!' అని హెడ్డింగు పెట్టి, వంకర కాళ్ల మనిషి ఫొటో పెద్దది వేశాడు. ఆ మనిషి అనుమతి అడిగారా అంటే ఫోన్ పెట్టేశాడు. ఇప్పటి ఫ్యాషన్ 'మీకు తెలియని అయిదు నిజాలు'. అదీ ఇదీ ఒకే జబ్బు.

తెలుగులో రాస్తే చులకనగా చూస్తారేమో అన్నావు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు తెలుగులో శాస్త్ర, చరిత్ర పుస్తకాలు వేయడానికి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడే ఆ తగువు తీరిపోయింది. రాయి.

నీ గైడుగారి సంగతి నేను చెప్పలేను.

మళ్లీ రాసేటప్పుడు ఆ శోచనీయం వాక్యం కొట్టేసి, ఆవిడ ప్రశ్నను మొదటి పేజీలోకి తే. మిగతాదంతా దానికి జవాబుగా రాయి. నువ్వు కూడా అందులో కనబడాలి. కొలిచింది నువ్వే అయినా, వ్యాసంలో నీళ్లు వాటంతట అవే కొలుచుకున్నట్టు ఉంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఒకచోట, 1 అని మరోచోట రాశావు. మన ప్రమాణాల్లో 1 కోరదగిన హద్దు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ మాట చెప్పకపోతే చదివేవాడు నీకే లెక్క రాదనుకుంటాడు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి గురించి రాసింది బాగుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఎందుకు కలుపుతారో విడివిడిగా చెప్పావు. అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం లేదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. జ్వరం వస్తే కాచి తాగమని మనమే చెబుతాం కదా, దీనికీ అదే మందనుకుంటారు. ఈ మాట లేకుండా వ్యాసాన్ని ఎవరికీ పంపకు.

నువ్వు పార్ట్‌టైమ్‌గా చెబుతున్న డిగ్రీ క్లాసుకు ముందు ఇది చదివి వినిపించు. ఎక్కడ చెయ్యెత్తి ఆపుతారో అక్కడ గీత పెట్టుకో.

ఇంకొకటి. వ్యాసంతోపాటు నీ ల్యాబ్ పుస్తకంలో ఎలక్ట్రోడ్ కాలిబ్రేషన్ గ్రాఫ్, అంటే తెలిసిన గాఢతలతో దాన్ని సరిచూసిన గ్రాఫ్, ఉన్న పేజీ ఫొటో తీసి పంపు. గాఢత పదిరెట్లయినప్పుడల్లా రీడింగు 59 మిల్లీవోల్టుల దగ్గర మారాలి. అంత మారకపోతే ముందు ఆ సంగతి చూద్దాం, వ్యాసం ఎక్కడికీ పోదు.