ఇంట్లో చదివే పిల్లలు, పోటీ దరఖాస్తులో బడి పేరు

పిల్లలను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివిస్తున్న కుటుంబాల నుంచి ఈ మధ్య ఈ శీర్షికకు ఉత్తరాలు పెరిగాయి. వాటిలో చిత్రలేఖన, రచన పోటీలకు సంబంధించిన ప్రశ్నలను ఎంచుకుని ఈ నెల జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేము అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆరో తరగతి నుంచి ఇంట్లోనే చదువుకుంటోంది. స్కొలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డులకు తన బొమ్మలు పంపాలని ముచ్చటపడుతోంది. దరఖాస్తులో బడి వివరాలు, టీచరు వివరాలు అడుగుతారని విన్నాము. మాకు బడి లేదు, టీచరును నేనే. మరొక సందేహం కూడా ఉంది. తను ఎక్కువగా బాపు గారి బొమ్మలు చూసి వేస్తుంది, చాలా బాగా వస్తాయి. వాటిని పంపవచ్చునా?
— ఒక తల్లి

జవాబు: అర్హత గురించి మీకు బెంగ అక్కర్లేదు. 1923లో మారిస్ రాబిన్సన్ మొదలుపెట్టిన ఈ పోటీలో అమెరికా, కెనడాలలో 7 నుంచి 12వ తరగతి వరకు చదువుతున్న, 13 ఏళ్లు నిండిన పిల్లలు పాల్గొనవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు బడుల విద్యార్థులతో పాటు ఇంట్లో చదివే పిల్లలకూ చోటు ఉన్నదని నిబంధనలలోనే రాసి ఉంది. మీరు బోధిస్తున్నారు కాబట్టి టీచరు స్థానంలో మీ పేరే ఇవ్వండి. గొప్పగా కనిపించాలని ఇంటికి ఏదో ఒక అకాడమీ పేరు పెట్టి రాయడం కొందరికి అలవాటు. ఆ పని మాత్రం చేయకండి, ఇంటి చదువు అని ఉన్నదున్నట్టుగా రాయండి. మీ రాష్ట్రంలో అది చిన్నతనమేమీ కాదు. ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే చూడాలన్న తీర్పును టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లోనే ఖాయం చేసింది.

అయితే టెక్సాస్‌లో ఉన్న సౌకర్యమే పోటీల దగ్గరకు వచ్చేసరికి ఒక లోటుగా మారుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంట్లో చదివించే తల్లిదండ్రులు మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో ఏడాది పొడవునా పిల్లలు చేసిన పనిని ఒకచోట కూర్చి, అర్హత గల మదింపుదారుకు చూపించాలి. అందువల్ల అక్కడివారి దగ్గర తారీఖులతో సహా కాగితాలు ఎలాగూ పోగుపడతాయి. టెక్సాస్‌లో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు కనుక, ప్రత్యేకంగా పూనుకుంటే తప్ప మీ దగ్గర ఏమీ మిగలదు. బడిలో చదివే పిల్ల వేసిన బొమ్మకు ఆమె వేస్తుండగా చూసిన టీచరు, పక్క బల్ల మీద కూర్చున్న స్నేహితులు సాక్షులు. మీ అమ్మాయి బొమ్మకు సాక్షి మీరొక్కరే, పైగా మీరు తల్లి. రేపు ఎవరైనా ఇది మీ అమ్మాయి పనేనా అని అడిగితే మీ మాటకు తోడుగా నిలిచేది ఆమె స్కెచ్ పుస్తకమే. తొలి గీతలు, రంగులు సరిచూసుకున్న ముక్కలు, సగంలో వదిలేసిన ప్రయత్నాలు ఏవీ పారేయకుండా, వెనక తారీఖు వేయించి దాచండి. బొమ్మ వేస్తున్న దశలలో నాలుగైదు ఫోటోలు తీసి ఉంచుకుంటే మరీ మంచిది.

ఇక పోటీ జరిగే తీరు. దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి. గడువు మాత్రం అందరికీ ఒకటే కాదు. మీరు నివసించే ప్రాంతాన్ని బట్టి డిసెంబరులోనో జనవరి మొదట్లోనో ముగుస్తుంది, కాబట్టి మరో రాష్ట్రంలోని స్నేహితులు చెప్పిన తేదీని నమ్ముకుని కూర్చోవద్దు. ప్రవేశ రుసుము కొద్దిగా ఉంటుంది, కట్టలేనివారికి మినహాయింపు ఇస్తారు. మొదట ప్రాంతీయ స్థాయిలో గోల్డ్ కీ, సిల్వర్ కీ, ఆనరబుల్ మెన్షన్ అనే గుర్తింపులు ఉంటాయి. గోల్డ్ కీ పొందినవి జాతీయ స్థాయి పరిశీలనకు వెళతాయి. అక్కడ పతకాలు గెలిచినవారిని న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో సత్కరించడం ఆనవాయితీ. చిత్రకారుడు ఆండీ వార్హోల్, కవయిత్రి సిల్వియా ప్లాత్, రచయిత ట్రూమన్ కపోటీ వంటివారు పిల్లలుగా ఉన్నప్పుడు ఈ గుర్తింపు పొందినవారే. న్యాయనిర్ణేతలకు పిల్లల పేర్లు తెలియనివ్వరు. సొంత ఆలోచన, నైపుణ్యం, తనదైన గొంతు లేదా చూపు, ఈ మూడింటినే తూకం వేస్తారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. బాపు గారి గీతను అనుకరిస్తూ చేయి తిప్పుకోవడం మంచి సాధన, తెలుగునాట ఎందరో చిత్రకారులు అలాగే నేర్చుకున్నారు, దానిని మాన్పించకండి. కానీ ఆయన బొమ్మ చూసి వేసినది ఎంత ముద్దుగా వచ్చినా ఆ ఊహ ఆయనదే, పోటీకి అది పనికిరాదు. పత్రికలలోనో ఇంటర్‌నెట్‌లోనో వచ్చిన ఇతరుల ఫోటో చూసి అచ్చుగుద్దినట్టు వేసిన బొమ్మకూ ఇదే వర్తిస్తుంది. ఫ్రిస్కోలో మీ వంటింటి కిటికీ నుంచి కనిపించేదేదో, వారాంతంలో గుడి దగ్గర చెప్పుల వరుసల మధ్య తను చూసేదేదో, దానిని ఆ గీతతో వేయమనండి. బాపు గారి ప్రభావం కనిపించినా ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే చూసిన కళ్లు మీ అమ్మాయివి.

ప్రశ్న: మా అబ్బాయికి 14 నిండాయి. హైదరాబాద్‌లో ఉంటాము, ఇంట్లోనే చదువుతున్నాడు. రంగులతో బాగా వేస్తాడు. ఏ పోటీ చూసినా ప్రధానోపాధ్యాయుల సంతకం, బడి ముద్ర, బోనఫైడ్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. మా బంధువు ఒకరు తనకు తెలిసిన బడిలో పేరు మాత్రం రాయించుకోమని, హాజరు సంగతి వాళ్లు చూసుకుంటారని అంటున్నారు. ఏమంటారు?
— ఒక తండ్రి

జవాబు: వద్దంటాను. వెళ్లని బడిలో పేరు ఉండడం ఇప్పుడు చిన్న విషయం కాదు. పాఠాలకు రాని విద్యార్థులను రికార్డులలో చూపుతున్నారన్నది ఒక కారణంగా సీబీఎస్ఈ 2024 మార్చిలో 20 బడుల గుర్తింపును రద్దు చేసింది. బడి దెబ్బతింటే అందులో పేరున్న పిల్లలూ ఇరుకున పడతారు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. అబ్బాయి బొమ్మ నిజంగా అతనిదే అయినా, దాని కింద పడే ముద్ర అబద్ధం అవుతుంది, ఆ సంగతి అతనికీ తెలుస్తుంది.

దీనికి మన దేశంలో చట్టబద్ధమైన దారి ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఇంటి చదువును పేరు పెట్టి ప్రస్తావించదు. అందుకే ఇంట్లో చదివించే కుటుంబాలలో చాలామంది జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో, అంటే నియోస్‌లో, పిల్లలను చేర్చి పదో తరగతి పరీక్ష రాయిస్తున్నారు. దాని సెకండరీ కోర్సులో చేరడానికి 14 ఏళ్లు నిండాలి, మీ అబ్బాయికి నిండాయి. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం కూడా ఇలాంటిదే. చేరినవారికి నమోదు సంఖ్య, గుర్తింపు కార్డు, ఒక అధ్యయన కేంద్రం ఉంటాయి. బడి పేరు రాయవలసిన చోట ఆ వివరాలు రాసి, గుర్తింపు కార్డు నకలు జతపరచండి. నిర్వాహకులు ఒప్పుకుంటారో లేదో ముందుగానే ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును అచ్చు తీసి దాచుకోండి. ఫోనులో విన్న సరే అన్న మాట గడువు దాటాక ఎవరికీ గుర్తుండదు.

అన్ని తలుపులూ తెరుచుకోవు. కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి నిర్వహిస్తున్న కళా ఉత్సవ్ బడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి మెట్టు మెట్టుగా సాగుతుంది కనుక దానిలో ఒంటరిగా ప్రవేశించే వీలు లేదు. అలాంటివాటి వెంట తిరిగి కాలం వృథా చేసుకునే కన్నా, వ్యక్తిగతంగా పంపుకునే పోటీలను చూడండి. కార్టూనిస్టు శంకర్ 1949లో ప్రారంభించిన అంతర్జాతీయ బాలల పోటీ 16 ఏళ్ల లోపు పిల్లల కోసం పెట్టినది. అమెరికాలోని బో సీట్ అనే సంస్థ సముద్ర పర్యావరణం మీద నిర్వహించే పోటీలో ఏ దేశం పిల్లలైనా 11 నుంచి 18 ఏళ్ల మధ్య ఉంటే పాల్గొనవచ్చు. పెద్దవారొకరు బాధ్యులుగా ఉండాలంటారు, తల్లిదండ్రులైనా సరిపోతుంది. బొమ్మతో పాటు అది ఎలా పుట్టిందో పిల్లలు తమ మాటల్లో రాసి పంపాలి. ఇంటి చదువు పిల్లలకు ఈ పద్ధతి మేలు చేస్తుందని నా అభిప్రాయం. ముద్ర చెప్పలేని సంగతిని ఆ పేజీ చెబుతుంది.

పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌ను కూడా ఒకసారి చూసి రండి. అక్కడ చిత్రలేఖనం నేర్పుతారు, చేరడానికి వయసు దాటిపోకముందే వెళ్లండి. మీ కుటుంబం కాని మరొకరు మీ అబ్బాయి కుంచె పట్టుకోగా చూడడం అవసరం. పోటీ ప్రయోజనం అటుంచి, మన ఇంట్లో పొగడ్తలు విని పెరిగిన చేతికి బయటి విమర్శ త్వరగా తగలడం మంచిది.

ప్రశ్న: నాకు 15 ఏళ్లు. విశాఖపట్నంలో ఉంటాను. అమ్మే నాకు పాఠాలు చెబుతుంది. కామన్వెల్త్ వ్యాసరచన పోటీకి ఇంగ్లీషులో రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ అమ్మ దిద్దుతుంది. దిద్దిన తరువాత చదివితే అది నేను రాసినట్టు అనిపించదు. అమ్మతో చెబితే బాధపడుతుంది. అన్నయ్యేమో ఏఐతో ఒకసారి నునుపు చేయించుకో, అందరూ అదే చేస్తున్నారు అంటున్నాడు. ఎంతవరకు దిద్దించుకుంటే తప్పు కాదు?
— ఒక విద్యార్థిని

జవాబు: నీ ఉత్తరం ఈసారి వచ్చినవాటిలో అన్నిటికన్నా నిజాయితీ గలదమ్మా. నువ్వు చదివి నీది కాదనిపించిందంటే, హద్దు ఎక్కడ ఉందో నీకు అప్పుడే తెలిసినట్టు.

1883 నుంచి నడుస్తున్న ఆ పోటీలో 14 ఏళ్ల లోపువారు ఒక విభాగం, 14 నుంచి 18 ఏళ్లవారు మరొక విభాగం. నువ్వు రెండో విభాగంలోకి వస్తావు. ఆ వయసు రచనలో న్యాయనిర్ణేత వెతికేది ఆ వయసు మనిషినే. నలభై ఏళ్ల గృహిణి వాక్యం మధ్యలో తగిలితే, అది ఎంత చక్కని వాక్యమైనా, చదివేవారికి పంటి కింద రాయిలాగే ఉంటుంది. అమ్మ నీకు సాయం చేస్తున్నాననుకుంటూనే నీ వ్యాసాన్ని బలహీనపరుస్తున్నదని ఆమెకు తెలియకపోవచ్చు.

కాబట్టి దిద్దవద్దని చెప్పకు, దిద్దే పద్ధతి మార్చమని అడుగు. అమ్మ చేతికి కంప్యూటర్ ఇవ్వకుండా, అచ్చు తీసిన కాగితం, ఒక పెన్సిలు ఇవ్వు. తప్పు ఉన్న చోట గీత గీయడం వరకే ఆమె పని, సరైన మాట రాయకూడదు. అర్థం కాని చోట పక్కన ఒక ప్రశ్న రాయవచ్చు. ఇక్కడ ఎవరి గురించి చెబుతున్నావు, ఇది నీకెలా తెలుసు, ఈ పేరా లేకపోతే ఏమవుతుంది, ఇలాంటి ప్రశ్నలు ఎన్నైనా వేయవచ్చు. ఆ కాగితం తీసుకుని నువ్వు వేరే గదిలో కూర్చుని తిరగరాయి. బడిలో మంచి టీచర్లు చేసేదీ ఇంచుమించు ఇదే. తరగతిలో నలభై మంది ఉంటారు కనుక టీచరుకు ఒక్కొక్కరి వ్యాసం తిరగరాసే తీరిక ఉండదు, ఆ తీరిక లేకపోవడమే పిల్లలను కాపాడుతుంది. నీ విషయంలో అమ్మకు నువ్వొక్కదానివే విద్యార్థినివి, అంచేత ఆమె చేతిని ఆపేది ఏదీ లేదు. ఈ సంగతి ఆమెకు చెప్పడం నీకు కష్టమైతే ఈ పేజీ చూపించు.

దిద్దిన ప్రతి ప్రతినీ తారీఖు వేసి ఒక ఫైలులో పెట్టు. దరఖాస్తులో ఇది పూర్తిగా నా సొంత రచన అని నువ్వూ, అవునని పెద్దవారూ సంతకం చేయవలసి రావచ్చు. బడి పిల్లల విషయంలో ఆ రెండో సంతకం చేసేది తల్లి కాదు. మీ ఇంట్లో బోధించినదీ, దిద్దినదీ, ధ్రువీకరించేదీ ఒకే చేయి అయినప్పుడు, ఆ చేయి ఎక్కడ ఆగిందో చూపించే కాగితాలు ఉండాలి.

ఏఐ సంగతి సూటిగా చెబుతాను. స్కొలాస్టిక్ వంటి పోటీలు ఏఐ తయారు చేసిన రచనలకు అర్హత లేదని ప్రకటించాయి. నువ్వు పంపే పోటీ నిబంధనలు ఆ ఏడాదివి తీసి అక్షరం వదలకుండా చదువు. వ్యాసంలో సమాచారం కావాలంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లి పుస్తకాలు చూడు, ఏ పుస్తకం నుంచి ఏం తీసుకున్నావో రాసిపెట్టుకో. కానీ నీ వాక్యాన్ని యంత్రంతో నునుపు చేయించకు. అమ్మ దిద్దితేనే నీది కాదనిపించిన వ్యాసం యంత్రం దిద్దితే నీదెలా అవుతుంది? అందరూ చేస్తున్నారన్న అన్నయ్య మాటను నేను నమ్మను, నమ్మినా నా సలహా మారదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో వ్యాసరచన, చిత్రలేఖన పోటీలు పెడుతుంటారు. బడి తరఫున కాక విడిగా వచ్చే పిల్లలను తీసుకుంటారేమో అక్టోబరులోనే గ్రంథపాలకులను అడిగి చూడు. అందరి మధ్య కూర్చుని, ఇచ్చిన సమయంలో చేతితో రాయడం నీకు వేరే అనుభవం. అక్కడ దిద్దేవారు ఉండరు.

ప్రశ్న: మా మనవడు కరీంనగర్‌లో మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వయసు 13. తెలుగులో తప్ప రాయడు, చక్కగా రాస్తాడు. తెలుగులో రాసి పంపే పోటీ, బడి పేరు అడగనిది, ఏదైనా ఉందా?
— ఒక తాతగారు

జవాబు: ఉందండీ. తపాలా శాఖ నిర్వహించే ఢాయీ ఆఖర్ లేఖారచన పోటీకి ఇంగ్లీషు, హిందీలతో పాటు స్థానిక భాషలోనూ రాయవచ్చు. 18 ఏళ్ల లోపువారికి, ఆపై వయసువారికి వేర్వేరు విభాగాలు ఉన్నాయి, అంటే మీరు కూడా రాయవచ్చు. ఏటా ఒక అంశం ప్రకటించి, దాని మీద ఉత్తరం రూపంలో చేతితో రాయమంటారు. ఇన్‌లాండ్ లెటర్‌లో అయితే 500 పదాలు, కవరులో పెట్టే ఏ4 కాగితం మీద అయితే 1000 పదాలు మించకూడదు. ఉత్తరం మీ సర్కిల్ (రాష్ట్ర స్థాయి తపాలా విభాగం) చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ పేరిట వెళ్లాలి, వయసు గురించిన ధ్రువీకరణ వాక్యం అందులోనే రాయాలి. ఎంపికైతే వయసు రుజువు అడుగుతారు. సర్కిల్ స్థాయిలో మొదటి బహుమతి 25,000 రూపాయలు, జాతీయ స్థాయిలో 50,000 రూపాయలు. ఈ ఏటి అంశం, గడువు మీ ప్రధాన తపాలా కార్యాలయంలో అడిగితే చెబుతారు. మనవణ్ణి ముందు చిత్తుప్రతి రాసి పదాలు లెక్కపెట్టుకోమనండి. ఇన్‌లాండ్ మడతలలో అక్షరం పెద్దదిగా రాసేవారికి చోటు చాలదు.