నెలసరి ముందు రొమ్ముల్లో సలపరం, పాల చుక్కలు... ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 31. బాబుకు నాలుగేళ్లు. పాలు మాన్పించి రెండేళ్లు దాటింది. ఆరు నెలలుగా నెలసరికి పది రోజుల ముందు నుంచే రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతున్నాయి. నొక్కి చూస్తే పాలలాంటి చుక్కలు వస్తున్నాయి. నెలనెలా సరిగ్గా వచ్చే పీరియడ్స్ ఇప్పుడు 40 రోజులకు గానీ రావడం లేదు. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర తప్ప వేరే మందులేవీ లేవు. మా అత్తగారు వేడి చేసిందంటున్నారు. నాకేమో క్యాన్సరేమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ‘గ్యాస్ మాత్ర తప్ప’ అన్నారు చూడండి, నాకు ముందు అనుమానం వచ్చింది దాని మీదే. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో ఎసిడిటీ మందుతో పాటు డోంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ కలిపి ఉంటుంది. స్ట్రిప్ వెనకాల ఈ పేర్లు ఉన్నాయేమో ఈ రోజే చూడండి.

పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దీన్ని తయారుచేస్తుంది. అది అతిగా ఊరకుండా డోపమిన్ అనే రసాయనం అదుపులో పెడుతుంది. పైన చెప్పిన రెండు మందులూ ఆ డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. దాంతో ప్రొలాక్టిన్ పెరిగి, బిడ్డకు పాలివ్వకపోయినా పాలు వస్తాయి. అండం విడుదల కావడం ఆలస్యమై పీరియడ్స్ కూడా వెనక్కి జరుగుతాయి.

నెలసరి ముందు రెండు వైపులా బరువు, సలపరం ఉండటం మాత్రం చాలామందిలో మామూలే. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ వల్ల రొమ్ముల్లోని గ్రంథులు ఉబ్బుతాయి, పీరియడ్ రాగానే తగ్గిపోతాయి. పాలలాంటి స్రావం మాత్రం ఈ మామూలు మార్పుల్లోకి రాదు. అందుకే పరీక్షలు చేయించమంటున్నాను.

ఇంకో మాట. భయంతో రోజూ నొక్కి చూసుకుంటున్నట్టున్నారు. దయచేసి మానేయండి. బిడ్డ చీకినప్పుడు పాలు వచ్చినట్టే, నొక్కిన ప్రతిసారీ ఇంకా రావడానికి మీరే దారి చూపిస్తున్నారు.

పీరియడ్స్ ఆలస్యమవుతున్నాయి కాబట్టి ముందుగా మూత్రంతో ప్రెగ్నెన్సీ పరీక్ష చేసుకోండి. తర్వాత ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసేది) రక్త పరీక్షలు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది; అదే కారణమైతే థైరాయిడ్ మాత్రతోనే రెండూ సర్దుకుంటాయి. మీ గ్యాస్ మాత్రల స్ట్రిప్‌లో డోంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ ఉంటే ఆపేసి, కనీసం మూడు రోజులయ్యాక రక్తం ఇవ్వండి. నిద్ర లేవగానే కాకుండా రెండు మూడు గంటలు ఆగి, పరగడుపున వెళ్లండి. ల్యాబ్‌లో కాసేపు ప్రశాంతంగా కూర్చోండి, టెన్షన్‌కు కూడా ఈ హార్మోన్ పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో ప్రొలాక్టిన్ 25 (ng/mL) వరకు మామూలే అంటారు. 30, 40 వచ్చిందని కంగారు పడకండి, మరోసారి చేయించి చూద్దాం. మాత్ర మానేశాక కూడా ఎక్కువగానే ఉండి, థైరాయిడ్ బాగానే ఉంటే పిట్యూటరీకి ఎంఆర్ఐ తీస్తారు. అక్కడ చిన్న గడ్డ కనిపించినా అది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఎక్కువమందిలో వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే క్యాబర్గోలిన్ మాత్రతోనే తగ్గిపోతుంది, ఆపరేషన్ అవసరం రాదు.

రెండు వైపులా పాలలాంటి స్రావం క్యాన్సర్ లక్షణం కాదు. ఒక్క వైపే, నొక్కకుండానే, రక్తంతో గానీ నీళ్లలా గానీ వస్తుంటే, లేదా గడ్డ తగిలితే వెంటనే సర్జన్‌కు చూపించాలి. విడవని తలనొప్పి, పక్కల చూపు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయొద్దు.

నొప్పికి రాత్రీ పగలూ సరైన సైజు బ్రా వేసుకోండి. డైక్లోఫినాక్ జెల్ రాసినా ఉపశమనం ఉంటుంది, గర్భం లేదని తేలాకే వాడండి. అత్తగారు వేడి అంటున్నారు కాబట్టి మజ్జిగ తాగితే తప్పేం లేదు గానీ, పరీక్షలు మాత్రం వాయిదా వేయకండి. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ తప్పకుండా వెంట తీసుకెళ్లండి.