సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఇన్‌హేలర్ ఖర్చుకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? లేకపోతే మరో దారి ఏమిటి?

ఇంట్లో రోజూ వాడే ఇన్‌హేలర్‌కు సాధారణంగా వర్తించదు. తెలంగాణలోని రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స కోసం ఉద్దేశించినవి. ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల వరకు ఇస్తుంది. ఊపిరితిత్తుల జబ్బేమో ఏళ్ల తరబడి ఉండేది. పథకాల్లో పెద్ద లోటు ఇదే.

ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు ఉందేమో ముందు చూడండి. చాలామంది మరిచిపోయేది దీన్నే. జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉన్న ఉద్యోగి ఈఎస్ఐలో ఉంటే, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ డిస్పెన్సరీలో మందులు ఉచితం.

అది లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో ఛాతీ వైద్య విభాగానికి వెళ్లండి. అక్కడ స్టాకు ఉంటే ఇన్‌హేలర్ ఉచితంగానే ఇస్తారు. ఉంటే అన్నదే సమస్య.

కొనక తప్పనప్పుడు, చీటీ మీద బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడగండి: టయోట్రోపియం, బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ వంటివి. దాన్ని జన్ ఔషధి కేంద్రంలో (ప్రభుత్వ పథకం కింద నడిచే చవక మందుల దుకాణంలో) చూపండి. అక్కడి ధరలు బ్రాండెడ్ మందుల కంటే 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతోంది. స్ప్రే బదులు పొడి క్యాప్సూల్ పరికరం సరిపోతుందా అనీ అడగండి, తరచుగా అది చవక. కానీ దానికి గట్టిగా పీల్చగలగాలి, కాబట్టి సొంతంగా మార్చకండి. డబ్బు కోసం రోజు విడిచి రోజు పీల్చడమూ వద్దు. ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలైతే ఖర్చు అంతకంత అవుతుంది.