సున్నితమైన ఫేస్‌వాష్‌లో ఏ పదార్థం ఏం చేస్తుంది?

విశాఖపట్నం ఉక్కలో మధ్యాహ్నానికే ముఖం జిడ్డుదేరుతోందని, ఫేస్‌వాష్‌తో కడిగితే చర్మం బిగుసుకుపోతోందని, సీసా మీద ఏ పేర్లు చూసి కొనాలని మీరు అడిగారు.

ముందుగా చూడవలసింది నురుగునిచ్చే పదార్థాన్ని. సోడియం లారిల్ సల్ఫేట్ జిడ్డును బాగా వదిలిస్తుంది గానీ, చర్మపు పైపొరలోని ప్రోటీన్లకు అంటుకొని, అక్కడి సహజమైన కొవ్వును కూడా కొంత తీసుకుపోతుంది. చర్మంపై పరిశోధన చేసేవారు కావాలని మంట పుట్టించడానికి దీనినే వాడతారంటే దాని తీవ్రత అర్థమవుతుంది. సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే నయం. కొబ్బరినూనె కొవ్వు ఆమ్లాలతో తయారయ్యే సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్, గ్లూకోజుతో చేసే డెసిల్ గ్లూకోసైడ్ ఇంకా సౌమ్యమైనవి. కోకమిడోప్రొపిల్ బీటైన్ అనే మరో నురుగు పదార్థం, పైన చెప్పిన సల్ఫేట్‌లతో కలిసినప్పుడు వాటి కరుకుదనాన్ని తగ్గిస్తుంది, అయితే కొద్దిమందికి ఈ బీటైన్ పడదు.

గ్లిసరిన్ తేమను పట్టి ఉంచుతుంది. సీటైల్ ఆల్కహాల్ పేరు చూసి భయపడనక్కరలేదు. అది మైనంలాంటి పదార్థం, చర్మాన్ని ఎండబెట్టదు. చర్మంలో సహజంగా ఉండే కొవ్వులైన సెరమైడ్లు, విటమిన్ బి3 రూపమైన నియాసినమైడ్ మంచివే అయినా, అరనిమిషంలో కడిగేసేదానిలో వాటి కోసం ఎక్కువ ధర పెట్టడం నాకు సమంజసంగా తోచదు. ఆ డబ్బుతో మాయిశ్చరైజర్ కొనుక్కోవడం మేలు.

పదార్థాలను సాధారణంగా ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రిస్తారు కనుక మొదటి ఐదారు పేర్లనే శ్రద్ధగా చదవండి. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె పెరిగేకొద్దీ క్షారగుణం ఎక్కువ) 9 నుంచి 10 వరకు ఉంటుంది, చర్మానిది 5 దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి ముఖానికి సబ్బు వద్దు. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక చెమట, ఉప్పుగాలి తడి మంచినీళ్లతోనే పోతాయి. సన్‌స్క్రీన్ రాసుకున్న రోజున మాత్రం ఫేస్‌వాష్ అవసరం.