వారంటీ పోయేది లైట్ బార్ వల్ల కాదు, దాని వైరు వల్ల

ప్రశ్న: "కొత్తగా ఇసుజు వీ-క్రాస్ పికప్ తీసుకున్నాను. రెండు అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచడం), పెద్ద టైర్లు, లైట్ బార్, వెనక డెక్కు మీద క్యానపీ (మూత) పెట్టించాలని ఉంది. ఏది చేయించినా వారంటీ మొత్తం పోతుందని షోరూమ్‌లో భయపెడుతున్నారు. నిజమేనా?"

మొత్తం పోదు. "బయట చెయ్యి పెట్టిస్తే వారంటీ క్యాన్సిల్" అనే ఒక్క ముక్క చెప్పేస్తే షోరూమ్‌వాళ్లకి పని తేలిక, అందుకే అలా చెబుతారు. వారంటీ బుక్‌లెట్‌లో వర్తించని వాటి జాబితా ఉన్న పేజీ తీసి నిదానంగా చదవండి. మామూలుగా అక్కడ ఉండేది ఏమిటంటే, మార్పుల వల్ల గానీ, కంపెనీవి కాని పార్టుల వల్ల గానీ వచ్చిన పాడుకి కవర్ లేదని. "వల్ల" అన్న మాటే అక్కడ ముఖ్యం. లిఫ్ట్ వేయించారు కాబట్టి ఏసీ కంప్రెసర్‌కి క్లెయిమ్ ఇవ్వం అంటే అది వాదన కాదు. అదే లిఫ్ట్ బండికి బాల్ జాయింట్ (సస్పెన్షన్‌లో చక్రం వైపు ఉండే కీలు) పోతే మాత్రం మీరు నోరెత్తలేరు. కొన్ని బుక్‌లెట్లలో భాష ఇంతకంటే గట్టిగా ఉంటుంది కాబట్టి, మీ దాంట్లో ఏ మాట రాశారో చూసుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

అందరూ లిఫ్ట్ గురించి, టైర్ల గురించి భయపడతారు. నా లెక్కలో కొత్త బండి వారంటీని అన్నిటికంటే ఎక్కువగా తినేది వైరింగ్. లిఫ్ట్ పాడుచేస్తే సస్పెన్షన్ వరకే. కోసిన వైరు పాడుచేస్తే హెడ్‌లైట్ నుంచి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దాకా ఏదైనా దాని ఖాతాలోనే రాసేయొచ్చు.

క్లెయిమ్‌కి వచ్చిన బండి బానెట్ ఎత్తగానే సర్వీస్‌వాళ్లు ఎక్కడ చూస్తారో గమనించండి. ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీద అదనంగా ఎన్ని వైర్లు కూర్చున్నాయో చూస్తారు. తర్వాత హెడ్‌లైట్ వెనక కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) దగ్గర చెయ్యి పెడతారు. కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) మీద చుట్టి ఉండేది మెత్తటి గుడ్డ టేపు. దాని మధ్యలో నల్లగా నిగనిగలాడే పది రూపాయల ఇన్సులేషన్ టేపు కనబడిందంటే అక్కడికే టార్చ్ వెళ్తుంది. మే నెల ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో ఇంజన్ వేడికి ఆ టేపు జిగురు కరిగి జారిపోయి ఉంటుంది. విప్పితే లోపల బ్లేడుతో గీరి, మెలితిప్పి కలిపిన జాయింటు, దాని మీద పచ్చగా చిలుము. వానాకాలంలో ఆ గాటు లోంచి దిగిన తేమ రాగి పోగుల మధ్య పాకుతూ అడుగు, రెండడుగుల దూరంలో ఉన్న కప్లర్ పిన్ను దాకా పోతుంది. ఆ పిన్ను దగ్గర రెసిస్టెన్స్ పెరిగి డ్యాష్‌బోర్డు మీద ఏదో లైటు వెలుగుతుంది. అంతే, ఫోటో తీసి కంపెనీకి పంపిస్తారు. ఆ తర్వాత మీరు ఎంత అరిచినా లాభం లేదు, పైగా అక్కడ తప్పు వాళ్లది కాదు కూడా.

కాబట్టి లైట్ బార్‌కి కరెంటు హెడ్‌లైట్ వైరు నుంచి తీయకండి. లెక్క చిన్నదే. 180 వాట్ల బార్ 12 వోల్టుల మీద 15 ఆంపియర్లు లాగుతుంది. దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు, 30 లేదా 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకి జానెడు దూరంలోపే ఫ్యూజు పడాలి. ఫ్యూజు అవతలి చివర పెడితే మధ్యలో వైరు బాడీకి రాసుకున్నప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. రిలే 30వ పిన్నుకి బ్యాటరీ, 87కి లైటు, 85కి ఎర్త్, 86కి లోపలి స్విచ్. స్విచ్‌కి కరెంటు ఫ్యూజ్ బాక్సులో యాక్సెసరీ ఫ్యూజు స్థానంలో దూర్చే ట్యాప్ అడాప్టర్ నుంచి తీసుకోవచ్చు. ఒక్క వైరు కూడా కొయ్యక్కర్లేదు, తీసేస్తే బండి మళ్లీ ఫ్యాక్టరీ బండే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ ఫ్యూజుల జోలికి మాత్రం పోవద్దు.

ఎర్త్ విషయంలో మంచి ఎలక్ట్రీషియన్లు కూడా ఒక తప్పు చేస్తారు. ఈ కాలం బండ్లు చాలావాటిలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న కరెంట్ సెన్సార్ ఉంటుంది. మీ ఎర్త్ వైరు తిన్నగా ఆ మైనస్ పోస్టు మీదే బిగిస్తే ఆ కరెంటు సెన్సార్‌ని దాటకుండా వెళ్లిపోతుంది, బండి లెక్క తప్పుతుంది, ఛార్జింగ్ గందరగోళమవుతుంది. బాడీ మీద ఫ్యాక్టరీ ఎర్త్ బోల్టు ఉంటుంది, అక్కడ బిగించండి. వైరు మీద ముడతల పైపు, చివర రింగు టెర్మినల్ క్రింప్ చేసి పైన జిగురున్న హీట్ ష్రింక్. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) లోంచి లోపలికి వెళ్లేటప్పుడు ఉన్న రబ్బరు గ్రోమెట్‌ని అడ్డంగా చీల్చేస్తే వానాకాలంలో కాళ్ల కింద మ్యాట్ తడుస్తుంది.

బల్బుల సంగతి కూడా ఇదే. 60/55 వాట్ల హోల్డర్‌లో 100/90 బల్బు పెడితే రెండు హెడ్‌లైట్లకీ కలిపి హై బీమ్‌లో 10 ఆంపియర్ల బదులు దాదాపు 17 పోతాయి. హోల్డరు కరుగుతుంది, స్విచ్ మాడుతుంది. ఇంకోమాట: ఈ లైట్ బార్లు హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఎదుటివాడి కళ్లలో కొట్టడానికి కాదు. తోటలోనో అడవి దారిలోనో వేసుకోండి, రోడ్డెక్కాక కవర్ తొడగండి.

ఇక లిఫ్ట్. వీ-క్రాస్‌కి ముందు డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. ముందు స్ట్రట్ మీద స్పేసర్ పెట్టి లేపితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది, వాటి రబ్బరు బూట్ల (తొడుగుల) ముడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికొస్తుంది. పై ఆర్ముల బాల్ జాయింట్ ఎప్పుడూ చివరి అంచులోనే పనిచేస్తుంది. వెనక లేపితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి కదిలేటప్పుడు వణుకు వస్తుంది. రెండు అంగుళాలు అంటే 50 మిల్లీమీటర్లు, అదే దాదాపు హద్దు. అది దాటాలంటే పై ఆర్ములు కూడా మార్చాలి. సస్పెన్షన్, స్టీరింగ్, డ్రైవ్ షాఫ్టులు, వీటి క్లెయిములు వదులుకున్నట్టే అనుకుని దిగండి. స్పేసర్ కంటే పూర్తి స్ప్రింగు, డ్యాంపర్ కిట్ మేలు. పని అయిన వెంటనే ఒకసారి, వెయ్యి కిలోమీటర్లకి మరోసారి అలైన్‌మెంట్ చేయించి రెండు ప్రింటవుట్లూ దాచండి. హెడ్‌లైట్లు కిందికి దించి సర్దించడం మాత్రం ఎవరూ చేయరు!

టైర్లలో అత్యాశ వద్దు. 255/60 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 763 మిల్లీమీటర్లు. 265/60 వేస్తే 775, అంటే ఒకటిన్నర శాతం పైచిలుకు తేడా, బండికి తెలియదు కూడా. 265/65 వేస్తే 802. ఐదు శాతం. మీటర్ వంద చూపిస్తే చక్రం లెక్కన నూట ఐదు. ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది కాబట్టి వారంటీ కిలోమీటర్లు కలిసొచ్చాయని సంబరపడకండి. క్లచ్ మీద, బ్రేకుల మీద పడే బరువు కూడా అదే లెక్కలో పెరుగుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి నాలుగు మార్చి స్టెప్నీ పాతదే ఉంచుతారు. మీ బండి ఫోర్ వీల్ డ్రైవ్ అయితే దాన్లో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. ఆ స్టెప్నీ ఒక చక్రానికి వేసుకుని ఫోర్ వీల్‌లో పెట్టారంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే గేర్‌బాక్సు) బిగుసుకుంటుంది. ఐదూ మార్చండి, లేదా పాత సైజులోనే ఆల్ టెరైన్ వేయించండి.

ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) గురించి మీరు అడగలేదు గానీ, టైర్లు మార్చాక అందరూ దాని దగ్గరికే వస్తారు. "సర్వీస్‌కి ముందు స్టాక్ ఫైల్ ఎక్కించేస్తాం, ఎవరికీ తెలియదు" అంటారు. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు రాశారన్న లెక్క లోపలే ఉంటుంది. టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్, మూడూ ఒకే దెబ్బకి వారంటీ బయటికి పోతాయి. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) తీసేయడం వారంటీ సమస్య కాదు, నేరుగా చట్టం సమస్య. నూనె పూసిన కాటన్ ఫిల్టర్ కూడా వద్దు. ఆ నూనె గాలి కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ తీగ మీద పేరుకుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్ల సలహాలు ఇక్కడ వాడకండి. డాలస్ బావగారు చెప్పేది అక్కడ నిజమే. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో అక్కడి కంపెనీ వారంటీ తిరస్కరించలేదు. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది బుక్‌లెట్, ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. అక్కడ గెలిపించేవి కాగితాలు. మాట్లాడింది ఏదీ నిలవదు, జాబ్ కార్డు మీద రాసింది నిలుస్తుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ పార్టు, ఏ కారణం, ఏ మార్పు వల్ల అన్నది రాతపూర్వకంగా అడగండి. ఈమెయిల్ అయినా సరే.

షోరూమ్‌లోనే బిగించారు కదా అన్న ధీమా కూడా వద్దు. కంపెనీ జెన్యూన్ యాక్సెసరీ వేరు, డీలర్ బయటినుంచి తెచ్చి బయటి కుర్రాడితో బిగించింది వేరు. పార్ట్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తే మొదటిది. తెల్ల చీటీ మీద "యాక్సెసరీ ప్యాకేజ్" అని రాసిస్తే రెండోది. ఆ ప్యాకేజీలో వచ్చే సీట్ కవర్లు సీటులోని సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ని కుట్టేస్తున్నాయో లేదో చూసుకోండి.

ముందు బుల్ బార్ (బంపర్ మీద బిగించే ఇనుప గార్డు) అసలు వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల లెక్క కూడా అవి చెడగొడతాయి. మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. ఇన్సూరెన్స్‌వాళ్లకీ చెప్పండి. ఎలక్ట్రికల్ యాక్సెసరీలకి పాత మోటార్ టారిఫ్ ప్రకారం విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం. చెప్పకుండా పెట్టిన లైట్ బార్ వైరుతో బండి అంటుకుంటే ఆ గొడవ వారంటీ గొడవ కంటే పెద్దది.

క్యానపీకి డెక్కు అంచుల మీద క్లాంపులతో బిగించే రకం తీసుకోండి, డ్రిల్లు వద్దు. తప్పనిసరై రంధ్రం వేస్తే ఇనుప రజను మొత్తం ఊడ్చి, అంచులకి జింక్ ప్రైమర్ పూసి, ఆరాక టచప్ పెయింట్ వేసి అప్పుడు బోల్టు. ఆ రజను డెక్కులో వదిలేస్తే మొదటి వానకే ఎర్రటి చుక్కలు లేస్తాయి, తుప్పు వారంటీ అక్కడితో సరి. డెక్కులో ప్లాస్టిక్ లైనర్ ఉంటే ఏటా ఒకసారి పైకెత్తి కింద కడగండి, ఇసుక చేరి పెయింటు గీకేస్తుంది. క్యానపీ బరువు మీ లోడులో లెక్కే. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువునీ, దాన్నీ తీసేసి, మిగిలిందే మోయండి.