నైన్ ఇంచ్ నెయిల్స్ బృందమా, ఒక్క వ్యక్తా?

అమెరికన్ సంగీతకారుడు ట్రెంట్ రెజ్నర్ మీద వ్యాసం రాస్తున్న మీకు, ఆయన రాక్ పాటలు వెలువడే పేరైన నైన్ ఇంచ్ నెయిల్స్‌ను బృందమని రాయాలో, ఆయన ఒక్కరి సృష్టి అని రాయాలో తేలడం లేదన్నారు. రెండూ సరైనవే, అయితే కాలాన్ని బట్టి విడదీసి రాయాలి.

1965లో పుట్టి, పెన్సిల్వేనియాలోని మెర్సర్ అనే చిన్న ఊళ్లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరుగుతూ పియానో నేర్చుకున్న రెజ్నర్, తరువాత క్లీవ్‌లాండ్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోలో సహాయకుడిగా చేరి, గదులు శుభ్రం చేసే పని కూడా చేస్తూ, స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో యజమాని అనుమతితో తన పాటలను రికార్డు చేసుకున్నారు. తాను కోరినట్టు వాయించేవారు దొరకక, దాదాపు అన్ని వాద్యాలనూ తానే పలికించారు. 1989 నాటి తొలి ఆల్బమ్ 'ప్రెట్టీ హేట్ మెషీన్' వెనుక ఉన్నది ఆ శ్రమే కాబట్టి, మీ వ్యాసంలో ఈ భాగానికి ఎక్కువ చోటివ్వమని నా మనవి. కచేరీలలో మాత్రం ఆయనతో ఇతర వాద్యకారులు ఉండేవారు.

2016లో ఆయన సహ సంగీతకారుడు అట్టికస్ రాస్ అధికారికంగా సభ్యుడయ్యారు. అప్పటి నుంచి బృందమనే రాయండి.

సినిమా సంగీతం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 'ద సోషల్ నెట్‌వర్క్' సినిమాకు 2011లో వచ్చిన ఆస్కార్ రెజ్నర్, రాస్‌ల సొంత పేర్ల మీదిది. 2021లో 'సోల్' సినిమాకు వచ్చినదానిలో సంగీతకారుడు జాన్ బటీస్ట్ కూడా భాగస్వామి. 2025 నాటి 'ట్రాన్: ఏరీస్' సినిమా సంగీతం మాత్రం నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతోనే వెలువడింది.

అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ 2002లో పాడిన 'హర్ట్'ను ఆయన సొంత పాటగా చాలామంది పొరబడతారు. దానిని రాసినది రెజ్నరేనని, 1994 నాటి నైన్ ఇంచ్ నెయిల్స్ ఆల్బమ్ 'ద డౌన్‌వర్డ్ స్పైరల్'లో అది చివరి పాట అని తప్పక పేర్కొనండి.